పురిటికి ముందు పది మైళ్ళు

మేడమ్ ఆ బూట్లు తెచ్చి నా ముందు పెట్టినప్పుడు, ఎవరికో ఇచ్చెయ్యమంటోందనుకుని సంచీలో వేసి మూతి కట్టేశాను. "నీకే" అంది. నాకా! నలభై రెండేళ్ళదాన్ని, మోకాళ్ళు పట్టుకుంటే గానీ లేవలేనిదాన్ని, నాకు పరుగు బూట్లు! నా బతుకులో నేను పరుగెత్తింది రెండే సార్లు. బస్సు కదిలిపోతుంటే ఒకసారి, పక్కింటివాళ్ళ గేదె తాడు తెంచుకుని నా మీదికొస్తే ఒకసారి. బస్సు అందలేదు. గేదె దయతలచి ఆగింది.

గల్ఫ్ యుద్ధం అయిపోయి ఊళ్ళో సైరన్ల మాట అందరూ మరిచిపోతున్న రోజులవి. నేను బహ్రెయిన్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. జుఫైర్‌లో ఒక ఇంగ్లీషు దంపతుల ఇంట్లో పని. వంట, బట్టలు, ఇస్త్రీ, ఇల్లు తుడవడం అన్నీ నావే. సార్ ఒక కంపెనీలో ఇంజనీరు. నా వీసా ఆయన పేరు మీదే, అంటే నా కఫీల్, నాకు పూచీదారు, ఆయనే; ఆయన ఒప్పుకోందే దేశం దాటలేను. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. మేడమ్ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇదంతా విన్నాక ఎవరైనా ఆవిణ్ణి తిట్టుకుంటే నేనొప్పుకోను. తిట్టాల్సినవన్నీ నేనే తిట్టాను, తెలుగులో, ఆవిడ పక్కన పరుగెత్తుతూ.

అక్కడి విదేశీయుల క్లబ్బు ఒకటి చలికాలంలో ఆడవాళ్ళకి పరుగు పందెం పెట్టేది. పది మైళ్ళు. ఇద్దరిద్దరు జంటగా పరుగెత్తాలి, ఇద్దరూ కలిసి గీత దాటితేనే లెక్క. మేడమ్‌తో జంటగా పేరిచ్చిన స్నేహితురాలు, మొగుడికి బదిలీ అయితే అక్టోబరులో సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. ఆవిడ స్నేహితుల్లో ఇంకెవరూ దొరకలేదు. ఇంట్లో నేను దొరికాను.

పది మైళ్ళంటే ఎంత దూరమో తెలియక సార్ కారు నడిపే డ్రైవర్ని అడిగాను. అతనిది కరీంనగర్ వైపు. నాకన్నా పదేళ్ళు చిన్న, అక్కా అని పిలిచేవాడు.

"మనం జల్లాఖ్ సముద్రం కాడికి పోతం గద అక్కా, గా తొవ్వల సగం కంటె ఎక్కువనే ఉంటది" అన్నాడు.

"అది కార్లో కూర్చునే నాకు నడుం పట్టేసే దూరం కదయ్యా!"

"గిప్పుడు కారు ఉండదు. గంతే తేడా" అని ఇకిలించాడు.

తెల్లవారుజామున వీధి దీపాలు ఆరకముందే బయల్దేరేవాళ్ళం. ఆవిడ నిక్కరు, నేను చుడీదారు. చీరలోనే వస్తానంటే నవ్వి, మనామా బజారుకి తీసుకెళ్ళి రెండు చుడీదార్లు కొనిచ్చింది. పుస్తెలతాడు ఎగిరెగిరి గడ్డానికి కొడుతుంటే పిన్నీసుతో లోపలికి గుచ్చుకున్నాను. మెట్టెల దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. బూటులో మెట్టె ఒరుసుకుని పక్క వేలి తోలు లేచిపోయింది. తీసెయ్యమంది మేడమ్. కట్టుకున్నవాడు గుండ్రాయిలా బతికుండగా మెట్టెలు తియ్యడమేమిటి! ఆయనతో నాకు వంద తగవులుండొచ్చు, అది వేరే సంగతి. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పరుగెత్తాను.

పరుగెత్తాను అంటున్నాను గానీ మొదట్లో అది పరుగేమీ కాదు. రెండు దీపస్తంభాల మధ్య దూరం వెళ్ళేసరికి ఊపిరి గొంతులో ఇరుక్కునేది. డొక్కలో కత్తి దిగినట్టుండేది. నోరంతా ఇనుప రుచి. మేడమ్ సీసా ఇచ్చి నీళ్ళు తాగమనేది. ఆయాసంలో నీళ్ళు తాగితే గుండె పట్టేస్తుందని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. తాగేదాన్ని కాదు. తాగక కళ్ళు తిరిగి కూర్చుంటే, అదిగో అమ్మ చెప్పినట్టే అయ్యింది, తాగుంటే ఏమైపోయేదాన్నో అనుకునేదాన్ని.

ఆ పరుగు తప్పించుకోడానికి నేను చెప్పని అబద్ధం లేదు. సోమవారం ఉపవాసం అన్నాను. మంగళవారం తలనొప్పి. బుధవారం కడుపులో నొప్పి. ఒకసారి కుడికాలు కుంటుతూ నడిచాను, మర్నాడు మర్చిపోయి ఎడమకాలు కుంటుతూ నడిచాను. మేడమ్ నా కాళ్ళవైపు చూసి ఏమీ అనకుండా బూట్లు తెచ్చి పెట్టింది. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుండేవి నా సాకులు. ఆవిడ వాటిని కోప్పడకుండా విని, నవ్వి, "సరే, పద" అనేది. కోప్పడితే బాగుండేది. కోపానికి ఎదురు తిరగొచ్చు. నవ్వే యజమానురాలికి ఏమని ఎదురు తిరుగుతాం?

ఇక పరుగుతో సంబంధం లేని అసలు సంగతి ఒకటుంది. దాని మీదే నా ప్రాణమంతా ఉండేది.

ఆ వేసవిలో, ఒక శుక్రవారం, ఫోను కార్డు పెట్టి మా అమ్మాయి అత్తవారి ఊళ్ళో ఎస్టీడీ బూతుకి చేస్తే అది లైన్లోకి వచ్చింది. నాకు ఒక్కగానొక్క కూతురు. దానికి పెళ్ళై ఏడాదైంది. పెళ్ళికి సెలవు మీద వెళ్ళి, అప్పగింతలు అయ్యీ కాకుండానే విమానమెక్కేశాను. "అమ్మా, మూడో నెల" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చి, నవ్వి, కార్డులో డబ్బులు తగలేశాం.

మొదటి పురుడు పుట్టింట్లో జరగాలి. అది మాలో ఎవరూ తప్పని పద్ధతి. కానీ పుట్టింట్లో వాళ్ళ నాన్న ఒక్కడే ఉంటే పురుడెవరు పోస్తారు? దాని అత్తగారు నెమ్మదస్తురాలే, మర్యాదగానే కబురుపెట్టింది. వదినగారు వస్తే పిల్లని పంపుతాం, రాలేకపోతే మా దగ్గరే ఉంచుకుంటాం అని. అందులో తప్పేముంది! అయినా నాకు గుండెలో కలుక్కుమంది.

"నువ్వొస్తావు కదమ్మా? నాకు భయమేస్తోంది. పక్కింటావిడ కాన్పుకి అరిచిన అరుపులు ఇంకా వినపడుతున్నాయి" అంది.

"పిచ్చిమొహమా, నేను రాకుండా ఎవరొస్తారు? నీ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంటాను. నా చెయ్యి నలిపేద్దువుగాని" అన్నాను.

జనవరి ఆఖరుకి నెలలు నిండుతాయి. నాకు సెలవు రెండేళ్ళకోసారే. పెళ్ళికి వెళ్ళొచ్చి ఏడాదే అయింది కాబట్టి ఈ సెలవు హక్కు కాదు, దయ. అడగాలి. కానీ ఏమని అడగను?

మేడమ్‌కి పిల్లల్లేరు. పుట్టకపోవడం కాదు, నిలవలేదు. ఆ ఇంట్లో చివరి గది గోడలకి బాతుబొమ్మల కాగితం అంటించి ఉండేది. ఆ గదిలో మంచం లేదు, బొమ్మ లేదు, ఏమీ లేదు. వారానికోసారి నేను తుడిచేదాన్ని, ఆవిడ ఆ వైపే వచ్చేది కాదు. అలాంటి మనిషి ముందు నిలబడి, నా కూతురు నీళ్ళోసుకుంది, సెలవియ్యమ్మా అని ఎలా అడగను? ఒకటి, ఆవిడ మనసుకి గుచ్చుకుంటుంది. రెండు, ఉన్నమాట చెప్పాలంటే ఇదే మొదటిది, దిష్టి. కడుపుతో ఉన్న సంగతి అందరి చెవినా వేస్తామా? అందులోనూ పిల్లల కోసం అలమటిస్తున్న మనిషి చెవిన? ఆవిడ చెడ్డదని కాదు. ఊపిరి ఒక్కటి బరువుగా వదిలినా చాలదూ! మా వైపు ఏ తల్లిని అడిగినా నేను చేసిందే చేస్తుంది.

అందుకని మొక్కు ఉందన్నాను. మా ఊరి అమ్మవారికి మొక్కుకున్నాను, జనవరిలో తీర్చాలి, నెల రోజులు సెలవు కావాలి అన్నాను. మేడమ్ సార్‌తో మాట్లాడింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. "పందెం జనవరి మొదట్లోనే. అది అవ్వగానే టికెట్టు కొంటాం" అంది. నేను లెక్క చూసుకున్నాను. సరిగ్గా సరిపోతుంది. అమ్మవారే సర్దిందనుకుని దణ్ణం పెట్టుకున్నాను.

అప్పట్నుంచి సాకులు మానేశాను. పరుగెత్తితేనే టికెట్టు అని నా కాళ్ళకి కూడా తెలిసినట్టుంది. డిసెంబరు వచ్చేసరికి పాడు కాళ్ళు నా మాట వినడం మొదలుపెట్టాయి. చలిగాలి, పక్కన సముద్రం, అడుగు మీద అడుగు. ఒకరోజు మూడు మైళ్ళు ఆగకుండా వెళ్ళామని మేడమ్ చప్పట్లు కొట్టింది. నాకూ లోపల సంబరం వేసింది. ఆ సంబరానికి నా మీద నాకే చిరాకేసింది కూడా. ఇంట్లో పురిటి బట్టలు ఉతికి సిద్ధం చేసుకోవాల్సినదాన్ని, ఇక్కడ ఎగురుతున్నాను!

"అక్కా, నువ్వు గీ దేశానికి పైసల కోసం అచ్చినవా, ఉరుకుడు నేర్సుకుందామని అచ్చినవా?" అనేవాడు డ్రైవరు.

"నోర్ముయ్యి తమ్ముడూ. నీకు పుణ్యముంటుంది" అనేదాన్ని.

పందెం ఇంకో రెండు రోజులుందనగా వాన పడింది. బహ్రెయిన్‌లో వాన అంటే మన ఊళ్ళోలా కాదు. నీళ్ళు పోవడానికి కాలవల్లేవు, పడ్డది పడ్డట్టే రోడ్డు మీద నిలబడిపోతుంది. రోడ్లన్నీ చెరువులయ్యాయి. మూడిళ్ళ అవతల అరబ్బుల పిల్లలు ఆ నీళ్ళలో గంతులేశారు. మేడమ్ కిటికీ దగ్గర నిలబడి, ఎంత బావుందో అంది. సాయంత్రం క్లబ్బు నుంచి ఫోను వచ్చింది. పందెం జనవరి ఆఖరుకి వాయిదా.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మా ఊళ్ళో వాన కోసం కప్పలకి పెళ్ళిళ్ళు చేస్తారు. ఎడారిలో, అడగనివాళ్ళకి, నా ఖర్మ కొద్దీ ఇక్కడ పడాలా!

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే మేడమ్ కాఫీ తాగుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఇక దిష్టీ లేదు గిష్టీ లేదు, చెప్పేశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, హిందీలో, చేతులతో. మొక్కు కాదు మేడమ్. నా కూతురు. మొదటి కాన్పు. నెలాఖరుకి. నేను వెళ్ళాలి.

ఆవిడ కప్పు కింద పెట్టింది. బాతుబొమ్మల గది తలపుకొచ్చిందేమో, మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. నా కుంటికాళ్ళకీ, నా ఉపవాసాలకీ నవ్విన నవ్వే అది.

"మొదట తలనొప్పి. తర్వాత దేవుడు. ఇప్పుడు కూతురు కడుపుతో ఉందంటున్నావు. ఇన్ని నెలలుగా ఒక్కసారి కూడా చెప్పలేదే! పది మైళ్ళంటే భయంగా ఉందని చెప్పు, నేనేమీ అనుకోను. కానీ ఇలాంటి విషయం మీద నా దగ్గర అబద్ధం చెప్పకు" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్నా పులి కథ మా పిల్లకి నేనే వంద సార్లు చెప్పాను. నిజంగా పులి వచ్చి నిలబడ్డాక ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఒట్టేశాను. అమ్మవారి మీద ఒట్టు అన్నాను. ఆ అమ్మవారి పేరు మీదే కదా ముందొక అబద్ధం చెప్పాను! సార్‌ని అడిగితే, అవన్నీ మేడమ్ చూసుకుంటుంది అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఫస్టే చెప్తే అయిపోతుండె గదక్కా. నేనన్న చెప్పనా మేడమ్‌కి?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు చెబితే ఇద్దరం కలిసి నాటకమాడుతున్నామంటుంది. నీ ఉద్యోగం కూడా ఊడుతుంది. ఊరుకో" అన్నాను. అతను నిజంగానే ఊరుకున్నాడు, నాకు దానికీ కోపమొచ్చింది.

శుక్రవారం ఫోన్లో అమ్మాయికి పందెం సంగతి ఎలా చెప్పను? ఏం చెప్పినా నమ్మేలా లేదు. తల్లి పురిటికి రాకుండా పరుగు పందేలకి వెళ్తోందంటే లోకం నవ్వదా? టికెట్టు ఆలస్యమవుతోంది, నెలాఖరుకల్లా వచ్చేస్తాను అన్నాను. "అయితే నేను అత్తయ్యగారి దగ్గరే ఉంటానులే అమ్మా, నువ్వు వచ్చాక వెళ్దాం" అంది. దాని గొంతులో నిష్ఠూరం లేదు. అలిసిపోయి ఉంది, అంతే.

ఆ రెండు మూడు వారాలు నేను పరుగెత్తినట్టు ఎవరూ పరుగెత్తి ఉండరు. ఎంత పరుగెత్తినా క్యాలెండరు నడిచినట్టే నడిచింది. మేడమ్ నాతో ముభావంగానే ఉండేది, కానీ నా వేళ్ళకి చుట్టుకోడానికి మెత్తటి పట్టీ కొని తెచ్చింది.

పందెం రోజు చీకటుండగానే డ్రైవరు మమ్మల్ని జల్లాఖ్‌లో దింపి, సార్‌ని తీసుకురావడానికి వెనక్కి వెళ్ళాడు. సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళ ఆడవాళ్ళు బోలెడుమంది. చుడీదారులో నేనొక్కదాన్నే. గుండె మీద నంబరు కాగితం పెట్టి పిన్నీసులు గుచ్చారు. పిస్తోలు పేల్చారు. బయల్దేరాం.

సగం దూరం దాకా నాకేమీ తెలియలేదు. పక్కన ఖర్జూరపు తోటలు, అవతల సముద్రం, నా తలలో మాత్రం ఒకటే లెక్క: ఇవాళ పందెం, ఇవాళే టికెట్టు, రేపు విమానం, ఎల్లుండికి ఇంట్లో. ఏడో మైలురాయి దాటాక మేడమ్ కెవ్వుమంది. పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడిపోయింది. కాలు పట్టుకుని ఏడుస్తోంది. "అయిపోయింది. నా వల్ల కాదు. ఆపేద్దాం" అంది.

ఆపేద్దామా! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకసారి వాయిదా పడ్డది ఇంకోసారి పడదా? ఇది ఆగిపోయి, వచ్చే నెల ఇంకో పందెం ఉంది అంటే నేనేం చెయ్యగలను, నా పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది? రోడ్డు మీదే చతికిలబడి ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. నూనె లేకుండానే పిక్క మర్దనా చేశాను. ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకుని లేపాను. నాకే తెలియకుండా నోట్లోంచి మాటలొచ్చేశాయి. "ఓర్చుకో తల్లీ. అయిపోయింది, ఇంకొంచెం. ఊపిరి తీసుకో. నేనున్నాను కదా, నా చెయ్యి గట్టిగా పట్టుకో. అరవాలనిపిస్తే అరిచెయ్యి, ఫర్వాలేదు. ఇంకొంచెమే, ఇంకొంచెమే నా బంగారం" అంటూ నడిపించాను. ఆవిడకి ఒక్క ముక్క తెలుగు రాదు. నా చెయ్యి నలిపేస్తూ నడిచింది. తర్వాత కుంటుతూ పరుగెత్తింది. ఆ మాటలన్నీ నెలల తరబడి మనసులో వల్లె వేసుకున్నవి. ఎవరికోసం దాచుకున్నానో వాళ్ళకి కాకుండా జల్లాఖ్ రోడ్డు మీద అయిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. చూసినవాళ్ళు అలసట అనుకున్నారు.

అందరికంటే ఆఖర్న, క్లబ్బు గేటు ముందు, కలిసే గీత దాటాం. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో మెడలో పతకాలు వేశారు. మేడమ్ నన్ను కావలించుకుని వదల్లేదు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ డ్రైవరు వచ్చాడు, నవ్వుతూ, చేతులూపుతూ.

"అక్కా! అమ్మమ్మవైనవే! ఆడపిల్ల! మీ అల్లుడు ఇంటికి ఫోన్ జేసిండు. మీరు గిటు అచ్చినంక, నేను సారు కోసం పోయిన గద, నేనే ఎత్తిన. దవాఖాన నంబరు గూడ రాసుకున్న!"

నాకు ముందు సంతోషమే కలిగింది. అబద్ధం చెప్పను. నిలబడ్డచోటే గట్టిగా నవ్వాను. ఆ తర్వాత ఎప్పుడు అని అడిగాను. ఇక్కడి లెక్కన తెల్లారుజామున అన్నాడు. నేను నంబరు కాగితానికి పిన్నీసులు గుచ్చించుకుంటున్న వేళ.

ఏమైంది అని మేడమ్ అడిగింది. అతను హిందీలో చెప్పాడు. ఆవిడ నా వైపు చూసింది. కుంటుకుంటూ వెళ్ళి క్లబ్బు వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ ఆఫీసు ఫోను నా చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుండిపోయింది.

డ్రైవరు రాసుకున్న నంబరు తిప్పితే, ఆసుపత్రిలో మా వియ్యపురాలు వచ్చి అందుకుంది.

"వదినగారూ, మీరేం కంగారుపడకండి. తల్లీ పిల్లా కులాసా. పిల్ల అచ్చం మీ పోలికే. వారం ముందొచ్చేసినా బరువు బాగానే ఉందన్నారు డాక్టరమ్మ."

"అమ్మాయి ఎలా ఉందండీ? బాగా కష్టపడిందా?"

"రాత్రంతా నొప్పులేనండీ. అమ్మా, అమ్మా అని ఒకటే పలవరింత. అమ్మేది, అమ్మొచ్చిందా అని అడుగుతుంటే చూళ్ళేకపోయాను. చెయ్యి పట్టుకుని, వచ్చాను తల్లీ, ఇక్కడే ఉన్నాను అన్నాను. ఆ నొప్పుల్లో దానికేం తెలుస్తుంది పాపం! మీరే అనుకుంది. వచ్చావా అమ్మా అని నా చెయ్యి నలిపేసింది. అప్పుడు ధైర్యం వచ్చిందండీ దానికి."

ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాను.

"ఇప్పుడు నిద్రపోతోందండీ" అందావిడ. "వదినగారూ, లేచి మా అమ్మేది అంటే ఏం చెప్పమంటారు?"

"బయల్దేరిందని చెప్పండి" అన్నాను. టికెట్టు ఇంకా కొననే లేదు.